వెయ్యి రెట్ల మధ్యాహ్నం

"ప్లస్ నొక్కేశాను, వచ్చేస్తన్నాను."

పెళ్లయిన నాలుగో ఏటి నుంచి మా ఆయన అన్నానికి వచ్చేముందు అనే మాట అది. సాయంత్రాలు ఆయన ముందుగదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని అంతరిక్షంలో ఓడ నడుపుతూ ఉండేవారు. ఆటే, కానీ తుపాకులూ పేలుళ్లూ ఉండే ఆట కాదు. చంద్రుడి దగ్గరికి నిజంగా వెళ్లడానికి ఎన్ని రోజులు పడుతుందో ఆ ఆటలోనూ అన్ని రోజులే పట్టేది. అంతసేపు ఎవరు కూర్చుంటారు? అందుకని కీబోర్డు కుడివైపు చివర ఉండే పెద్ద ప్లస్ కీ నొక్కేవారు. ఒకసారి నొక్కితే కాలం పది రెట్లు పరిగెత్తేది. రెండోసారికి వంద రెట్లు, మూడోసారికి వెయ్యి. ఓడ తన దారిన తాను పోతూ ఉంటే ఈయన వచ్చి పీట మీద కూర్చునేవారు.

"అక్కడ పది రోజులైపోతా ఉంటే ఇక్కడ మీరు చారు పోసుకుంటున్నారా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని.

"అక్కడెవరున్నారే? ఉత్త డబ్బా" అనేవారు.

ఆయన పేరు పైడిరాజు. విశాఖపట్నం షిప్‌యార్డులో డ్రాయింగ్ ఆఫీసులో పని. పగలు ఉక్కు ఓడల గీతలు గీసేవారు, సాయంత్రం ఆటకి ఓడలు కట్టేవారు. ఆ ఆటతో పాటు వచ్చిన ఓడలు నాలుగే. మిగిలినవన్నీ ఆడేవాళ్లే సొంతంగా కట్టుకుని, ఊరికే ఒకరికొకరు పంచుకునేవి. గోడలు, కిటికీలు, ఇంధనం, ఏ గొట్టం మండితే ఓడ ఎటు తిరగాలి, అన్నీ వాళ్లే రాసుకోవాలి. ఈయన ఏడు కట్టారు. తాతగారు భీమిలిలో తెప్ప మీద వేటకి వెళ్లేవారట, అందుకని అన్నిటికీ తెప్ప అనే పేరు. తెప్ప ఏడు కట్టడానికి మూడేళ్లు పట్టింది. పోలండులో ఒక పెద్దాయన దాన్ని దించుకుని నడిపి, ఎడమ తలుపు పక్క దీపం వెలగడం లేదని ఉత్తరం రాశాడు. దాని కోసం ఈయన రెండు ఆదివారాలు పోగొట్టుకున్నారు. మా వంటింట్లో ట్యూబులైటు మాత్రం ఆరు నెలలు వెలగలేదు.

ఒక పట్టింపు ఉండేది ఆయనకి. ఎంత ఆలస్యమైనా సరే, ఓడని ఏదో ఒక రేవుకి చేర్చి కట్టేస్తే గాని కంప్యూటర్ ఆపేవారు కాదు. ఆ రేవులు కూడా ఎవరెవరో కట్టినవే. "నడిమధ్యన వదిలేసి ఎలా లేస్తాం?" అనేవారు. తెప్ప ఏడుతో పాటు పంచిన సూచనల కాగితంలో కూడా ఆ మాటే రాశారు. ఓడలు కట్టేవాళ్లు అలాంటి కాగితం ఒకటి జతచేయడం వాళ్లలో ఆచారం.

యాభై రెండో ఏట, స్నానానికి నీళ్లు తోడుకుంటూ పడిపోయారు. మెదడు అడుగుభాగంలో రక్తం గడ్డకట్టిందన్నారు. ప్రాణం నిలిచింది, బుర్ర చెక్కుచెదరలేదు. కానీ కళ్లు పైకీ కిందికీ కదపడం తప్ప ఒంట్లో ఏదీ ఆయన మాట వినలేదు. పైకి చూస్తే అవును. కిందికి చూస్తే కాదు. ఇరవై ఏడేళ్ల కాపురం ఆ రెండు మాటల్లోకి వచ్చి పడింది.

ఆ ఆసుపత్రిలోనే డాక్టర్ సుదర్శనం గారి ప్రయోగం జరుగుతోంది. తపాలా బిళ్లంత రేకు ఒకటి పుర్రె కింద అమర్చారు. చెయ్యి కదపాలని మనిషి అనుకోగానే మెదడు పంపే ఆజ్ఞని ఆ రేకు పట్టుకుని కంప్యూటర్‌కి ఇస్తుంది. తెర మీద చుక్క కదులుతుంది. ఆ చుక్కతో అక్షరాలు ఎంచుకోవచ్చు. మిగతా ముగ్గురు రోగులకి బాగానే పనిచేసింది. ఈయనకి నాలుగు నెలలు ప్రయత్నించినా చుక్క వణికింది తప్ప కదలలేదు.

ఆ పని చూసే అమ్మాయి పేరు జరీనా. విజయనగరం పిల్ల, ముప్పై కూడా ఉండవు. ఒకరోజు విసిగిపోయి నా పక్కన కూర్చుంది.

"ఆంటీ, సార్ ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేసేవారు?"

"ఖాళీ ఎక్కడిదమ్మా? ఓడలు కట్టుకునేవారు" అన్నాను, కాస్త వెటకారంగానే.

ఆ పిల్ల నా మొహంలోకి చూసి, "చెప్పండి" అంది.

మర్నాడు ఆటోలో ఆ పాత డబ్బా, గుమ్మడికాయంత బరువున్న మానిటరు తీసుకెళ్లాం. కొత్త కంప్యూటర్ల మీద ఆ ఆట నడవదు. తెర మీద తెప్ప ఏడు కనబడగానే జరీనా చూస్తున్న మెదడు సంకేతాల గీతలన్నీ ఒక్కసారి లేచాయి. చెయ్యి ఎలా కదపాలో ఆయన మెదడు మరిచిపోయింది గాని, ఓడ ఎలా తిప్పాలో మరవలేదు. మధ్యాహ్నానికి తెప్ప ఏడు తనంతట తాను ముక్కు ఎత్తి భూమి వైపు తిరిగింది. జరీనా ఏడ్చింది. నేను ఏడవలేదు. ఇన్నేళ్లు ఆ డబ్బాని తిట్టినందుకు సిగ్గుపడుతూ నిలబడ్డాను.

తర్వాత ఆ పిల్ల ఓడకి కొన్ని చేర్పులు కట్టింది. ఓడ లోపలి పలక మీద దీపాలు: నీళ్లు, పక్క మార్చు, దురద, నొప్పి. ఒక్కో గొట్టం మండిస్తే ఒక్కో దీపం. అక్షరాల గడులు కూడా పెట్టింది. మా మాటలు మైకులోంచి ఆయనకి రేడియోలాగా వినబడేవి. ఓడ నడపడం ఇంకా తేలికవ్వాలంటే ఆయనకి ఓడ స్పర్శ తెలియాలంది. అందుకని ఎండ తగిలిన గోడ వెచ్చగా, నీడ గోడ చల్లగా, ఇంధనం తగ్గితే ఆకలిగా, అన్నీ రేకు ద్వారా వెనక్కి పంపడం మొదలుపెట్టింది. అప్పటినుంచి ఆయన నిమిషానికి ఐదారు అక్షరాలు రాయగలిగారు. మొదట రాసింది, "ట్యూబులైటు బాగు చేయించు."

రెండు నెలలకి దాని ఖరీదు తెలిసింది. ఆసుపత్రిలో కరెంటు పోయి, నాలుగు నిమిషాలు ఆట ఆగింది. ఆయన గుండె లయ తప్పింది. వారం రోజులు ఐ.సి.యు. ఆయన మెదడు ఓడనే ఒళ్లు అనుకుంటోందని, ఓడ మాయమైతే ఒళ్లు మాయమైనట్టేనని సుదర్శనం గారు చెప్పారు. జరీనా పాత రికార్డులన్నీ తిరగేసి ఒక సంగతి కనిపెట్టింది. ఓడ రేవులో కట్టేసి ఉన్నప్పుడు మాత్రం ఆట ఆపినా ఏమీ కాలేదు. ఇరవై ఏళ్లుగా రేవులో కట్టాకే లేచే అలవాటు కదా. కట్టగానే మెదడు ఓడని వదిలి ఒంట్లోకి వచ్చేస్తోంది.

అలా మాకొక దినచర్య కుదిరింది. గాజువాకలో మా ఇంటికే అన్నీ తెచ్చేశాం. ఇన్వర్టర్లు రెండు. పగలంతా ఆయన భూమి చుట్టూ తిరుగుతూ మాతో మాట్లాడేవారు. సాయంత్రం ఆరింటికి రేవు. కట్టగానే కళ్లు పైకి లేచేవి. మా అమ్మాయి చైత్ర కాలేజీ నుంచి వచ్చి, "దిగారా నాన్నా?" అని అడిగితే పైకి చూసేవారు. ఆయన ఒళ్లు చూసుకోవడానికి కొండమ్మ అని ఒకావిడ వచ్చేది. మంచం పక్కన ఆవిడ కోసం 'ఇచ్చాను' అని ఒక్క బటన్ ఉన్న పెట్టె పెట్టాం. దీపం వెలిగితే చూసి, నీళ్లతో పెదాలు తడిపి, ఆ బటన్ నొక్కాలి. కీబోర్డు మాత్రం ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. ఒకసారి తుడవబోయి ఏదో నొక్కేసింది మరి.

మూడు నెలలు బాగానే గడిచాయి. బాగానే అంటే, నేను వీధి చివర దాటి వెళ్లలేదు. నేను జాకెట్లు కుడతాను, కుట్టించుకునేవాళ్లే ఇంటికి వచ్చేవాళ్లు.

ఆ రోజు అనకాపల్లిలో మా ఆడపడుచు గృహప్రవేశం. వెళ్లనన్నాను. ఆయన పావుగంట కష్టపడి రాశారు: "నువ్వు అనకాపల్లి వెళ్లు. నేను మార్స్ వెళ్తా. సాయంత్రానికి ఇద్దరం చేరిపోతాం."

నవ్వొచ్చింది నాకు. అంగారకుడి దగ్గర పోలండు పెద్దాయన కట్టిన రేవు ఒకటి ఉందట. ఏడు నెలల పైచిలుకు ప్రయాణం. వెయ్యి రెట్ల మీద పెడితే ఐదు గంటల ఇరవై నిమిషాలు. ప్లస్ కీని జరీనా ఆయన మెదడుకి కలపలేదు, అది ఓడ కదలిక కాదు గనక. "పన్నెండింటికి ప్లస్ మూడు సార్లు నొక్కు. ఐదూ ఇరవైకి మైనస్ మూడు సార్లు" అని రాశారు.

ఎన్ని వేల సార్లు ఆయన నొక్కగా చూశానో. పన్నెండింటికి నొక్కాను. ఒకటి, రెండు, మూడు. భూమి చిన్నదైపోతూ తెర అంచుకి జారింది. "వెళ్లొస్తానండీ" అన్నాను మైకులో. చీర కుచ్చిళ్లు సర్దుకుని బస్సెక్కాను.

ఆయన పడిపోయాక, పదకొండు నెలల తర్వాత, పదిమందితో పంక్తిలో కూర్చుని తిన్నాను. గుత్తొంకాయ మళ్లీ వేయించుకున్నాను. మా ఆడపడుచు, "అన్నయ్య ఎలా ఉన్నాడొదినా?" అని అడిగితే, "మార్స్ వెళ్లారు" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తిరుగు బస్సు లంకెలపాలెం దగ్గర ఆగిపోయింది. లారీ బోర్లా పడింది. నాకు కంగారేమీ వేయలేదు. నలభై నిమిషాలేగా, దాటిపోతే వెనక్కి తిప్పుకుంటారు అనుకున్నాను. ఇంటికి వచ్చేసరికి ఆరు.

కొండమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏటోనమ్మా, నీళ్ల దీపం ఆరనేదు. నాను నాలుగుసార్లు తడిపినాను. బటన్ నొక్కినాను. ఎంటనే మల్లీ ఎలిగిపోతంది. దాహవేటో బాబుకి."

మైనస్ మూడు సార్లు నొక్కాను. తెర మీద అంగారకుడు వెనకవైపు ఆవగింజంత ఉన్నాడు. దీపం వెలుగుతూనే ఉంది. పెదాలు తడిపి 'ఇచ్చాను' నొక్కాను. ఆరింది. "వచ్చేశానండీ. ఆలస్యమైంది, లారీ పడింది దారిలో" అన్నాను.

తర్వాత గడుల్లో అక్షరాలు వచ్చాయి.

"ఎవరు"

"నేనే. రత్నాన్ని."

"ఎనిమిది నెలలు ఎక్కడున్నారు"

జరీనా గంటలో వచ్చింది. వస్తూనే తను కట్టిన చేర్పులన్నీ ఒక్కో వరుస చూసుకుంటూ పోయింది. ఒకచోట వేలు ఆగింది. ఎండ వేడి, నీడ చలి, ఆకలి, అలసట, అన్నీ ఓడ గడియారం ప్రకారం పంపేలా రాసింది. మన గోడ గడియారం ప్రకారం కాదు.

"ఓడలు కట్టేవాళ్లెవరైనా ఓడ టైమే వాడతారు ఆంటీ. ఆట మనకిచ్చేది అదొక్కటే. సార్ ఓడలన్నిట్లోనూ అంతే. నాకు తప్పని తోచనే లేదు."

"అయితే ఏమవుతుందమ్మా? ఆరు గంటలే కదా అయింది?"

"బుర్రకి గడియారం లేదు ఆంటీ. ఒంట్లోంచి వచ్చే కబుర్లని బట్టి ఎంతసేపైందో అనుకుంటుంది. ఆ కబుర్లు పంపేది మనమే." ఆ పిల్ల కుర్చీ నా వైపు తిప్పింది. "రెండు వందల యాభై రోజుల కబుర్లు పంపేశాం."

రికార్డు తీసి చూపించింది. నీళ్ల దీపం ఏడు వేల రెండు వందల పదకొండు సార్లు. పక్క మార్చమని పదకొండు వందల సార్లు. గడుల్లో అక్షరాలు కూడా ఉన్నాయి. మొదట్లో 'రత్నం మైనస్ నొక్కు'. తర్వాత 'రత్నం' ఒక్కటే, పేజీలకి పేజీలు. ఆ తర్వాత 'ఎవరైనా'. కొండమ్మ నాలుగుసార్లు తడిపింది, అంటే ఆయన లెక్కలో రెండు నెలలకొకసారి. అంగారకుడు పక్కనుంచి పోతుంటే ఆపడానికి ఆయన గొట్టాలన్నీ మండించారు. వెయ్యి రెట్ల వేగంలో ఓడ ఆయన మాట వినలేదు. ఆ తర్వాత రేవు వెనక్కి పోవడం చూస్తూ ఇరవై ఎనిమిది రోజులు. అది లంకెలపాలెం దగ్గర నేను కిటికీ పక్కన కూర్చుని జామకాయ తిన్న నలభై నిమిషాలు.

కొండమ్మకి ఆ మైనస్ కీ ఒక్కటి చూపించి ఉంటే సరిపోయేది.

జరిగింది చెప్పాం. ఒకటికి పదిసార్లు చెప్పాం. నేను ఆ రోజు పేపరు చదివాను. చైత్ర మైకు తీసుకుని, "నాన్నా, పొద్దున్నే కదా మీకు బై చెప్పి కాలేజీకి వెళ్లాను" అంది.

"చైత్ర గొంతు మారింది" అని రాశారు.

"జలుబు చేసింది నాన్నా!" అని అది ఏడుస్తూ గదిలోంచి వెళ్లిపోయింది. ఆ ఏడుపుతో గొంతు ఇంకా మారింది.

ఆయనకి మా మీద కోపం లేదు. అదే భరించలేకపోయాను. మేం ఎక్కడికో వెళ్లిపోయి, మళ్లీ మనసు మారి వచ్చామని, వచ్చాక జాలిపడి అబద్ధం చెబుతున్నామని ఆయన నమ్మకం. "పోనీలే" అని రాశారు ఒకసారి.

వారం తర్వాత సుదర్శనం గారు ఇంటికి వచ్చారు. మంచి మనిషి. ఆయన కూడా ఆ వారంలో బాగా నలిగిపోయారు. ముందుగదిలో కూర్చుని ఉన్న దారులు చెప్పారు. ఆట ఆపితే గుండె ఆగుతుంది. రేవుకి చేరితే తప్ప ఒంట్లోకి రాలేరు. మిగిలిన ఇంధనంతో ఓడని తిప్పి రేవుకి చేర్చాలంటే రెండేళ్ల రెండు నెలలు.

"దారిలోనే ఇంకో రేవు కట్టి పెట్టలేమా? ఓడలు కట్టగా లేనిది రేవు కట్టలేమా?" అని అడిగాను.

జరీనా తల అడ్డంగా ఊపింది. "ఆట మొదలయ్యేటప్పుడు ఏమేం ఉన్నాయో అవే ఆంటీ. కొత్తది చేర్చాలంటే ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. నేను చేసిన తప్పు దిద్దాలన్నా అంతే."

"ఆయన నిద్రపోయినప్పుడు నొక్కితే?"

"మొన్న పడుకున్నప్పుడు పరీక్షించాం. పదకొండు సెకన్లకి లేచిపోయారు. మూడు గంటలు ఒంటరిగా ఉన్నానన్నారు. పది రెట్ల మీద కూడా మన మాట ఆయనకి సాగిపోయి మూలుగులా వినబడుతోంది."

సుదర్శనం గారు కాగితం తీశారు. "వెయ్యి రెట్ల మీద పెడితే పంతొమ్మిది గంటలమ్మా. మధ్యలో దారి సరిచేయడానికి క్షణం సేపు ఆపుతాం, అంతే. మర్నాటికి ఆయన రేవులో ఉంటారు. అప్పుడన్నీ సరిచేసుకోవచ్చు."

"ఆయనకి?"

"ఆయనకి రెండేళ్లు" అన్నారు, నా వైపు చూడకుండా. "కానీ ఆ కంప్యూటరుకి ఇరవై నాలుగేళ్లు. అది రెండేళ్లు ఆగకుండా నడుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మధ్యలో ఆగిపోతే ఆయన పోతారు. ఇంకొకటి. మీరు ఈ గదిలో రెండేళ్లు ఎలా ఉంటారు? సంతకం మీరే పెట్టాలి. బలవంతం లేదు."

సుదర్శనం గారు వెళ్లాక చైత్ర నాతో పోట్లాడింది. తిరుపతిలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది దానికి, చేరే గడువు దగ్గరపడుతోంది.

"పంతొమ్మిది గంటలమ్మా! ఆ తర్వాత నాన్న వచ్చేస్తారు. కళ్లతో చూస్తారు మనల్ని."

"ఎవరొస్తారే? ఎనిమిది నెలలకే మనల్ని నమ్మడం మానేసిన మనిషి. రెండేళ్లకి ఏం మిగుల్తారు?"

"మరి రెండేళ్లు నువ్వేం మిగుల్తావు? నీకది నాన్న మీద ప్రేమా, నలభై నిమిషాలకి వేసుకుంటున్న శిక్షా? ముందది తేల్చుకో."

అది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. అంట్లు తోముతూ ఉండిపోయాను. అది కూడా వచ్చి పక్కన నిలబడి గిన్నెలు కడిగింది.

మర్నాడు మధ్యాహ్నం మైకు దగ్గర కూర్చుని ఆయన్నే అడిగాను. రెండు దారులూ దాచకుండా చెప్పాను. కంప్యూటర్ పాతబడిన సంగతీ చెప్పాను. అది ఆయనకే బాగా తెలుసు. ఇరవై ఏళ్లుగా దాని పంఖా చప్పుడు వినే ఆరోగ్యం చెప్పగల మనిషి.

గడుల్లో అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. పది నిమిషాలు పట్టింది.

"నొక్కు. నువ్వు చెప్పింది నిజమైతే నీకు ఒక్కరోజు. అబద్ధమైతే నాకు అలవాటే."

నాకు కోపం వచ్చింది. ఆయన పడిపోయినప్పటి నుంచి ఆయన మీద కోపం తెచ్చుకోవడం మానేశాను, రోగి మీద కోపమేమిటని. ఆ పూట వచ్చింది. మైకు దగ్గరికి లాక్కున్నాను.

"ఏటి అలవాటు? నేనొచ్చి ఎనిమిది రోజులైంది. ఒక్కరోజైనా ఇక్కడినుంచి లేచానా? ఇరవై ఏళ్లు కంచం ముందు పెట్టుకుని మీ కోసం చూశాను, నేను అలవాటని అన్నానా? మీకిప్పుడు నా మాట మీద నమ్మకం లేదు. లేకపోతే పోయింది. నేను నొక్కను. మీ గడియారం, నా గడియారం ఒక్కలాగే నడుస్తాయి ఇకమీదట. మీరు ఒక రోజు ఉంటే నేనూ ఒక రోజు ఉంటాను. రెండేళ్లు కూర్చుంటాను మీ ఎదురుగా. అప్పుడు చెప్పండి, నేను అబద్ధాలకోరునో కాదో."

ఎప్పుడొచ్చిందో, కొండమ్మ వెనక నిలబడి ముక్కు చీదుకుంది. "బాగా అన్నావమ్మా" అంది.

సుదర్శనం గారికి కాగితం సంతకం లేకుండానే తిరిగి పంపాను. తెప్ప ఏడు రేవు దాటిపోయిందని, పాత కంప్యూటర్ భాగాలు కావాలని ఆ ఆట ఆడేవాళ్లందరికీ జరీనా రాసింది. ఎక్కడెక్కడి నుంచో పార్సిళ్లు మొదలయ్యాయి. పోలండు పెద్దాయన తన కంప్యూటర్‌నే విప్పి పంపాడు. ఏ భాగాన్నైనా ఆట నడుస్తుండగా మార్చడం కుదరదని జరీనాకి తెలుసు, ఆ పెద్దాయనకీ తెలుసు. అయినా పంపాడు. వాటిని ముందుగదిలో పేర్చాం. ఉన్న డబ్బాకి దుమ్ము పడకుండా తడిగుడ్డ తెర కట్టాను. గది చల్లగా ఉండాలని కిటికీలు మూయించేశాను. వెలుతురు కూడా పోయింది.

చైత్ర వెళ్లనంది. నేనే దాని బట్టలు సర్దాను.

"నేనూ ఉంటాను. ఇద్దరం వంతులేసుకుందాం."

"వద్దు. ఇందులో ఇరుక్కున్నవాళ్లం ఇద్దరం చాలు. నువ్వు చదువుకో. సెలవలకి రా, జలుబు తగ్గాక రా" అన్నాను.

అది నవ్వబోయి ఏడ్చింది. మైకు దగ్గరికి వెళ్లి, "నాన్నా, తిరుపతి వెళ్తున్నా. ఈరోజు పద్నాలుగో తారీఖు" అని చెప్పింది. తారీఖు చెప్పాలని దానికెలా తోచిందో. ఆయన రెండు అక్షరాలు రాశారు. "సరే."

ఆటో వీధి మలుపు తిరిగే వరకూ గుమ్మంలో నిలబడలేదు నేను. గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. మూసిన కిటికీలు, పంఖా చప్పుడు, మంచం మీద కదలని ఆయన, తెర మీద నల్లటి ఆకాశం. అందులో చుక్కలు కూడా కదలవు. ఎదురుగా ఎనిమిది వందల రోజులు.

గడుల్లో అక్షరాలు మొదలయ్యాయి.

"టైమెంత"

గోడ మీద చూశాను. "నాలుగూ పన్నెండు."

ఓడ లోపల కూడా ఒక గడియారం ఉంది. నేను చెప్పినదాన్ని ఆయన దానితో సరిచూసుకుంటున్నారని అర్థమైంది.

"ఇప్పుడు"

"నాలుగూ పద్నాలుగు."

"ఇప్పుడు"

కొండమ్మ గుమ్మంలోంచి, "అదేటమ్మా, ఊరికే అదే అడుగుతన్నారు?" అంది.

"అడగనీ" అన్నాను. కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, ముల్లు గీత మీదకి వచ్చేదాకా ఆగాను. ముందే చెప్పేస్తే నమ్మరు.

"నాలుగూ పదిహేను" అన్నాను.